చూచేవారున్నప్పుడు కడిగే చేతులు

భోజనానికి ముందు చేతులు కడుగుకొంటారా అని అడిగితే లేదనేవారు అరుదు. 2007లో అమెరికా సూక్ష్మజీవ శాస్త్ర సంఘం పక్షాన జరిగిన సర్వేలో, బహిరంగ మరుగుదొడ్లను వాడిన పిదప చేతులు తప్పక కడుగుకొంటామని 92 శాతం మంది చెప్పారు. పరిశీలకులు అక్కడ నిలిచి లెక్కించగా కడిగినవారు 77 శాతమే. మాటకూ చేతకూ నడుమ ఉన్న ఈ ఎడమే, విద్యాలయాలలో అంటువ్యాధుల నివారణ ఎంతవరకు సాగుతున్నదో తెలిసికొనడానికి ప్రశ్నపత్రం చాలదనీ, కంటితో చూడవలసిందేననీ చెబుతున్నది.

ఈ విషయాన్ని అండమాన్ దీవులకు అన్వయించి ముచ్చటించడానికి కారణం ఉన్నది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చుకొన్న పోర్ట్ బ్లెయిర్‌లో 1967 నాటి జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం, పాండిచ్చేరి విశ్వవిద్యాలయ ప్రాంగణం, 2015లో ఏర్పడిన వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నాయి. ఉత్తరాన డిగ్లీపూర్ నుండి, దక్షిణాన నికోబార్ నుండి వచ్చిన పిల్లలు ఇక్కడ ఒకే పంక్తిన భుజిస్తారు; సెలవులకు ఓడలెక్కి ఇండ్లకు చేరుతారు. వారితోబాటు జలుబో, కండ్లకలకో, విరేచనాలో ప్రయాణం చేయగలవు.

ఆ దీవులలో ఇది చిన్న విషయం కాదు. 1858లో ఆంగ్లేయులు ఖైదీల వలసను నెలకొల్పేనాటికి వేల సంఖ్యలో ఉన్న గ్రేట్ అండమానీలు, 1877 నాటి తట్టువంటి బయటి వ్యాధుల వాతపడి క్షీణించి, 1961 జనాభా లెక్కలలో పందొమ్మిది మందిగా మిగిలారు. 2020 ఆగస్టులో ఆ కొద్దిమందిలోనే పదిమందికి కోవిడ్ సోకినట్లు పరీక్షలలో తేలింది.

స్థానికమైన జాడ్యాలు వేరే ఉన్నాయి. 1980వ దశకం చివర డిగ్లీపూర్ పరిసరాలలో వర్షాలు తగ్గుముఖం పట్టే రోజులలో ఊపిరితిత్తులలో రక్తస్రావం కలిగించే జ్వరం కానవచ్చింది. మొదట అండమాన్ రక్తస్రావ జ్వరమని పిలిచిన దీనికి లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి కారణమని తర్వాత నిర్ధారణ అయినది. ఎలుకలు, పశువుల మూత్రంతో కలుషితమైన నీరు, బురద చర్మంపై గాయాల గుండా దానిని దేహంలోనికి చేరుస్తాయి. కనుక అక్కడి కళాశాలలో సబ్బు, మాస్కులు మాత్రమే గమనిస్తే చాలదు. వాన వెలిసిన మైదానంలో ఎందరు వట్టి కాళ్ళతో బంతి ఆడుతున్నారు, కాలి పుండుకు ఎందరు కట్టు కట్టుకొన్నారు అన్నవీ లెక్కకు రావాలి.

అయితే చూడడంలోనే ఒక చిక్కున్నది. చూస్తున్నారని తెలిసినంతనే మనిషి మారిపోతాడు. కర్మాగారాలలో పనిచేసే మనకు దీనిని విడమర్చి చెప్పనక్కరలేదు. భద్రతాధికారి వచ్చేనాడు శిరస్త్రాణం లేని తల కనబడదు గదా! 1924-32 నడుమ షికాగో దగ్గరి హాథార్న్ కర్మాగారంలో జరిగిన ప్రయోగాల పేరుతోనే శాస్త్రజ్ఞులు ఈ ప్రభావాన్ని పిలుస్తారు. కాబట్టి వార్డెను పుస్తకం పట్టుకొని కుళాయి దగ్గర నిలబడితే ఆ పూట అందరి చేతులూ తళతళలాడతాయి, మరునాటి మాట దేవుడెరుగు. నా అభిప్రాయంలో ఈ పనికి తోటి విద్యార్థులే తగినవారు. భోజనశాలలో ఒక మూల కూర్చుని, పేర్లు వ్రాయక, లోనికి వచ్చినవారెందరు, సబ్బు వాడినవారెందరు అన్న రెండు అంకెలను మాత్రం కొన్ని వారాలపాటు వేర్వేరు వేళలలో గుర్తించుకోవాలి. మొదటి రోజులలోని ఉత్సాహం ఆనాటికి చల్లబడి ఉంటుంది.

మూడవ అంకె ఒకటి ఉన్నది, దానిని చాలామంది మరచిపోతారు. ఆ వేళ కుళాయిలో నీరు వచ్చినదా? పోర్ట్ బ్లెయిర్‌కు ముఖ్య జలాధారం ధనీఖారీ జలాశయం. వర్షాలు ఆలస్యమైన వేసవులలో అది అడుగంటి, నగరంలో రోజు విడిచి రోజు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎడంగా నీరు వదిలిన సందర్భాలున్నాయి. నీరు రాని కుళాయి ముందు నిలిచిన కుర్రవానిని 'కడుగలేదు' అన్న గడిలో వ్రాయడం అన్యాయం. అది అతని అలవాటును గాక ప్రాంగణపు ఏర్పాట్లను తెలిపే అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం సబ్బుతో కడగడానికి 40 నుండి 60 సెకన్లు, ఆల్కహాలు ద్రావణంతో రుద్దుకొనడానికి 20 నుండి 30 సెకన్లు పడుతుంది. నీరు లేనినాడు ఈ రెండవది అక్కరకు వస్తుంది గాని, బురద అంటిన చేతికి అది పనికిరాదు. ఆటస్థలం నుండి నేరుగా అన్నానికి వచ్చేవారికి బక్కెట నీరు, చెంబు తప్పవు.

అక్కడ చదువుకొంటున్న బిడ్డలతో ఈసారి ఫోనులో మాట్లాడినప్పుడు, చేతులు కడుగుకొంటున్నావా అని గాక, మీ వసతిగృహంలో భోజనపు వేళ నీళ్ళు వస్తున్నాయా అని అడిగి చూడండి.