ఉలవచారుకు చలికాలమే సరి
చలి ముదిరితే టమాటా సూపు తాగమనేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్లకు ఉలవచారు ఉండగా ఇంకో సూపెందుకు? ఒకప్పుడు ఎడ్ల కోసం ఉలవలు ఉడకేసి, గుగ్గిళ్లు వాటికి పెట్టి, మిగిలిన కట్టుతో ఇంట్లో చారు కాచుకునేవాళ్లు. ఎడ్లు పోయి ట్రాక్టర్లొచ్చినా చారు మాత్రం నిలిచింది. దీనికి కావలసిందల్లా ఓపిక. రాత్రి నానబెట్టిన ఉలవలను మెత్తగా ఉడికించి, కట్టు వార్చి, చింతపండు పులుసు పోసి సన్నసెగ మీద మరిగిస్తూనే ఉండాలి. గరిటె వెనక చిక్కగా పూతలా అంటుకుంటే అయినట్టు. నీళ్లలా జారిపోతే ఇంకా కాలేదు. ఆఖరున ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు పోపు. పొగలు కక్కే అన్నంలో గుంట చేసి చారు పోసి, పైన వెన్నపూస ముద్ద వేస్తే అది కరిగి అంచుల్లో పసుప్పచ్చగా తేలుతుంది. మీగడైనా సరే, నేను మాత్రం వెన్న పక్షం. ఉలవలు వేడి చేస్తాయని ఎండాకాలంలో వద్దనే పెద్దలే చలికాలంలో కొసరి కొసరి వడ్డిస్తారు. ఇక హోటళ్లలో ఏడాది పొడుగునా అమ్మే ఉలవచారు బిర్యానీ అంటారా... బాస్మతి బియ్యానికీ మసాలాలకీ మధ్య ఆ చారు ఊపిరాడక కొట్టుకుంటుంది. బిర్యానీని బిర్యానీగా వదిలేసి, చారును గిన్నెలో విడిగా ఇమ్మనండి.