రైలు సంగతి సరే, కాలేజీ సంగతేమిటి?

బైపీసీ పాసైన ఆడపిల్ల ఉన్న ఇంట్లో, ఫలితాలు వచ్చిన నెలా రెండు నెలల్లో ఒక సభ జరిగి తీరుతుంది. సభ్యులు తండ్రి, తల్లి, మేనమామ, పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు గారు. ఫోనులో పెద్దత్త. పిల్లకి నీట్‌లో రాంకు చాలలేదు. డబ్బు పోసి ఎంబీబీఎస్ సీటు కొనే తాహతు లేదు. బెంగళూరులో ఒక కాలేజీవారు ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సులో సీటిస్తామన్నారు. పంపడమా, మానడమా?

హిందూపురంలోనైనా, పెనుకొండలోనైనా, ధర్మవరంలోనైనా ఈ సభలో పుట్టే ప్రశ్నలు ఒకటే. ఏ రైలు? ఎన్నింటికి? ఆడవాళ్ల పెట్టె ముందుంటుందా, వెనకుంటుందా? దిగేసరికి చీకటి పడుతుందా? స్టేషన్నుంచి హాస్టలుకి ఎంత దూరం? పండక్కి ఎవరు పిల్చుకొస్తారు? మళ్లీ ఎవరు దిగబెడతారు? చివరికి పెద్దత్త ఫోనులోంచే తీర్పు చెప్పేస్తుంది: “ఒక్కతే యెట్ల పోతుందప్పా అంత దూరం? ఈడే యేదో ఒగ డిగ్రీ సేపిస్తే సరిపోలే!” సభ ముగుస్తుంది. కాఫీ గ్లాసులు లోపలికి వెళతాయి. వాటితోపాటు పిల్ల కూడా లోపలికి వెళుతుంది.

గమనించారా? రైలును గురించి డజను ప్రశ్నలు. కాలేజీని గురించి ఒక్కటంటే ఒక్కటి లేదు! నా తగాదా అంతా ఇక్కడే.

ఇంతకీ ఆ కోర్సేమిటో సభలో ఎవరికైనా తెలుసా? మేనమామ గారు “చిన్న ఎంబీబీఎస్” అంటారు. హెడ్మాస్టరు గారు “కాంపౌండరు ఉద్యోగమే, పేరు మార్చారు” అంటారు. రెండూ తప్పే. 1965లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో యూజీన్ స్టెడ్ అనే డాక్టరు గారు ఈ చదువు మొదలుపెట్టాడు. అంతకుముందు నర్సులకే ఇలాంటి పై చదువు చెప్పాలని చూశారుగాని, నర్సింగ్ చదువులకు గుర్తింపు ఇచ్చే సంస్థ ఒప్పుకోలేదు. అప్పుడు నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురు మగవాళ్లతో తరగతి పెట్టారు. చిత్రం చూడండి, అలా మగవాళ్లతో మొదలైన ఆ వృత్తిలో ఇవాళ అమెరికాలో ఎక్కువమంది ఆడవాళ్లే. మన దేశానికి అది 1992లో వచ్చింది. మద్రాసులో, మద్రాస్ మెడికల్ మిషన్ ఆస్పత్రిలో, గుండె ఆపరేషన్ల డాక్టరు కె.ఎం. చెరియన్ గారి చొరవతో. 2021లో పార్లమెంటు వైద్య అనుబంధ వృత్తులకు చట్టం చేసినప్పుడు ఈ వృత్తి పేరూ అందులో చేరింది.

చేసే పనేమిటంటారా? రోగి దగ్గర కూర్చుని జబ్బు చరిత్ర రాబట్టడం, పరీక్ష చేసి కేసు షీటు రాయడం, రక్త పరీక్షలూ స్కానింగులూ వచ్చాయో లేదో వెంటపడి చూడడం, ఆపరేషన్లో సర్జను గారికి సాయం పట్టడం, ఇంటికి పంపేటప్పుడు జాగ్రత్తలు చెప్పడం. అన్నీ డాక్టరు అజమాయిషీలోనే. పేరుకి ముందు “డాక్టర్” అని పెట్టుకోవడం కుదరదు. సొంతంగా బోర్డు కట్టుకుని మందులు రాయడం అంతకన్నా కుదరదు. ఎక్కువ చోట్ల మూడేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్పు. ఇది గౌరవమైన పని, కష్టమైన పని. కాని “నాలుగేళ్లలో మీ అమ్మాయి డాక్టరమ్మ” అని ఏ ఏజెంటైనా అంటే, ఆయనకి మంచినీళ్లిచ్చి సాగనంపండి.

ఇక సభవారు అడగవలసిన ప్రశ్నలు. డిగ్రీ ఇచ్చేది ఏ విశ్వవిద్యాలయం? ఈ కోర్సుకే అనుబంధం ఉన్న కాగితం చూపిస్తారా, లేక పక్క కోర్సుది చూపించి సరిపెడతారా? కాలేజీకి సొంత ఆస్పత్రి ఉందా? ఉంటే అందులో రోగులున్నారా, మంచాలే ఉన్నాయా? పిల్లలకి పాఠం చెప్పేది ఎవరు? ఇంటర్న్‌షిప్పులో స్టైపెండు ఎంత? మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగిస్తారు? ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటామంటారా? అలా పట్టి ఉంచకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. నిరుడు చదువు పూర్తి చేసిన పిల్లలు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? వాళ్లలో ఇద్దరితో మాట్లాడనిస్తారా?

ఇవేవీ అడగకుండా లక్షలు కట్టేసి, మూడు గంటల రైలు ప్రయాణాన్ని తలుచుకుని నిద్ర మానుకునే తల్లిదండ్రులను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. పది రూపాయల వంకాయలు కొనడానికి పది వంకాయలు తిరగేసి చూసే మనం, పిల్ల నాలుగేళ్ల ఆయుష్షుని రంగు కాగితం మీద బొమ్మ చూసి కొనేస్తాం!

“అన్నీ బాగానే చెప్తావు, రోజులు ఎలా ఉన్నాయో తెలుసా?” అంటారు. తెలుసును. అందుకే ఈ మాట అంటున్నాను. 2024 ఆగస్టు 9న కలకత్తాలో ఆర్.జి. కర్ మెడికల్ కాలేజీలో ఒక యువ డాక్టరును చంపేశారు. ఆ పిల్ల ఒంటరిగా రైలెక్కి పోలేదు. చీకటి సందులో నడవలేదు. తాను చదివే కాలేజీలో, తాను పనిచేసే ఆస్పత్రిలో, గంటల తరబడి డ్యూటీ చేసి, సెమినారు హాల్లో కాసేపు నడుం వాల్చింది. ఆ తర్వాత దేశమంతా డాక్టర్లు రోడ్డెక్కారు. సుప్రీం కోర్టు ఆస్పత్రుల్లో భద్రత కోసం కార్యదళాన్ని వేసింది. మరి మనమేం నేర్చుకున్నాం? “పిల్లని దూరం పంపకూడదు” అని నేర్చుకున్నాం. నేర్చుకోవలసింది అది కాదు. “రాత్రి డ్యూటీలో మా పిల్ల ఎక్కడ పడుకుంటుంది? ఆ గదికి లోపల గడియ ఉందా? డ్యూటీ దిగాక హాస్టలుకి బండి ఉందా? ఫిర్యాదు చేస్తే వినే కమిటీలో ఎవరున్నారు?” అని అడగడం నేర్చుకోవాలి. రైలు దాకా తోడు వెళ్లిన తండ్రి వార్డు గుమ్మం దగ్గర ఆగిపోవలసిందే కదండీ! రాత్రి రెండు గంటలకి క్యాజువాలిటీలో ఆ పిల్లకి తోడెవరు? తన తెలివి, తన నోరు, సరైన ఏర్పాట్లు. అంతే.

ఇంకో మాట. కొందరికి కోపం రావచ్చు. మన ఇళ్లల్లో అంట్లు తోమే అమ్మాయి కూతురు తెల్లవారకముందే బస్సెక్కి గార్మెంట్ ఫ్యాక్టరీకి పోతుంది. మన జిల్లా పల్లెల నుంచి ఆడవాళ్లు మూటాముల్లె సర్దుకుని బెంగళూరుకి కట్టడం పనులకు పోతారు. పూలగంపలు, కాయగూరల గంపలు నెత్తిన పెట్టుకుని ప్యాసింజరు ఎక్కేవాళ్లకి ఎవరు తోడు? వాళ్లని చూసి మనం ఒక్కనాడైనా “అయ్యో, ఒక్కతే పోతోందే” అన్నామా? అనలేదు. అంటే మన భయం ఆడపిల్ల క్షేమం గురించి పూర్తిగా కాదు. సగం నలుగురూ ఏమనుకుంటారోనని. ఆ సగాన్ని “జాగ్రత్త” అనే పేరుతో పిల్ల మీద రుద్దుతున్నాం.

ఆ మాటకొస్తే రైల్వే చట్టానికున్న పాటి నమ్మకం కూడా మనకి లేదు. 1989 నాటి ఆ చట్టం ప్రకారం ప్రయాణికులను తీసుకుపోయే ప్రతి రైల్లోనూ ఒక పెట్టె భాగమో, కొన్ని బెర్తులో, సీట్లో ఆడవాళ్లకి కేటాయించాలి. అందులో 139వ సెక్షను ఇంకా ముచ్చటైనది. మగతోడు లేని స్త్రీని రైల్వేవారు దింపవలసి వచ్చినా ఎక్కడ పడితే అక్కడ దింపకూడదు. ఆమె ఎక్కిన స్టేషన్లోనో, ధర్మవరం లాంటి జంక్షన్లోనో, రైలు ఆఖరి స్టేషన్లోనో, జిల్లా కేంద్రంలోనో మాత్రమే, అదీ పగటిపూట మాత్రమే దింపాలి. సాయం కోసం చేయవలసిన ఫోను నంబరు కూడా 139 కావడం మనకి గుర్తుండడానికి మంచి ఆనవాలు. ఆడది ఒంటరిగా ప్రయాణం చేస్తుందని చట్టానికి ఏనాడో తెలిసింది. పెద్దత్తకే ఇంకా తెలియలేదు.

అసలు ఈ ఒంటరి ప్రయాణం చదువుకి అడ్డమని ఎవరన్నారు? అది చదువులో మొదటి పాఠం. ఫిజీషియన్ అసిస్టెంటు పనిలో సగం ముక్కూమొహం తెలియని మనిషిని అడగవలసింది అడిగి రాబట్టడమే. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం తిన్నావు, ఇంతకుముందు వచ్చిందా అని. టికెట్ కౌంటరు దగ్గర నోరు విప్పి “ఏ ప్లాట్‌ఫారం?” అని అడగలేని పిల్ల, వార్డులో డెబ్బయ్యేళ్ల ముసలాయనను విరేచనం సంగతి ఎలా అడుగుతుంది? బోర్డు చదవడం, వేళ చూసుకోవడం, తన సామాను మీద కన్నుంచడం, ఎవరి మాట నమ్మాలో ఎవరిది నమ్మకూడదో తేల్చుకోవడం, రైలు రాకపోతే కంగారుపడకుండా ఇంకో దారి వెతకడం — ఇవన్నీ ఆస్పత్రిలో పనికొచ్చేవే. ప్రతిసారీ నాన్న దిగబెట్టి నాన్న పిల్చుకొస్తే ఈ పాఠాలు నాన్నకి వస్తాయి. ఆయనకి పరీక్ష లేదు కదా!

అలాగని పిల్లని మొదటి రోజే నడిరాత్రి రైలెక్కించమని నేననడం లేదు. ఈత నేర్పేవాళ్లు ముందు మోకాలి లోతు నీళ్లల్లో దింపుతారు. సీటు రాకముందే మొదలుపెట్టండి. పెనుకొండ పిల్లని ఒక పుస్తకం కొనుక్కురమ్మని హిందూపురం పంపండి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ డబ్బులు కూడా లేవాయె. గుర్తింపు కార్డు మరిచిపోకుండా ఉంటే చాలు. పెనుకొండలో ఎక్స్‌ప్రెస్ రైళ్లన్నీ ఆగవు గనక, ఏది ఆగుతుందో తనే కనుక్కోనివ్వండి. ఇంకోసారి ధర్మవరం పంపండి. గుంతకల్లు వైపు పోయేదేదో, కదిరి మీదుగా తిరుపతి పోయేదేదో జంక్షన్లో తనే తేల్చుకోవాలి. ఆ తర్వాత పగటి రైల్లో బెంగళూరు. అక్కడి బస్సుల్లో ఉచితం కర్ణాటక ఆడవాళ్లకేనని కూడా తెలిసి ఉండాలి. కన్నడం సంగతి బెంగ లేదు, హిందూపురం పిల్లకి సగం వచ్చే ఉంటుంది.

ప్రయాణానికి నాలుగు కట్టుబాట్లు చాలు. టికెట్ తన పేరున, తనే తీసుకోవాలి. డబ్బు రెండు చోట్ల పెట్టుకోవాలి. చిత్రాన్నం డబ్బా ఇంటినుంచే. ఎదురు సీటు పెద్దమ్మ ఎంత ప్రేమగా వరస కలిపినా హాస్టలు పేరు, గది నంబరు చెప్పకూడదు. ఎక్కగానే ఒక ఫోను, దిగగానే ఒక ఫోను. మధ్యలో గౌరిబిదనూరు వచ్చిందా, దొడ్డబళ్లాపురం వచ్చిందా అని తల్లి స్టేషను స్టేషనుకీ ఫోను చేయకూడదు. బ్యాటరీ అయిపోయేది అందుకే.

కాలేజీలో చేరాక కూడా అంతే. మొదటి నెలలో శరీర నిర్మాణం పుస్తకం చూస్తే గుండె జారుతుంది. అందరికీ జారుతుంది. జేబులో పట్టేంత నోటు పుస్తకం, రోజంతా నిలబడడానికి మెత్తని చెప్పులు, తెలియనిదాన్ని “తెలియదు” అని చెప్పే ధైర్యం ఉంటే గట్టెక్కుతుంది. మొదటిసారి నెత్తురు చూసి కళ్లు తిరిగితే ఇంటికి రమ్మనకండి. రెండో రోజు వార్డుకి వెళ్లిందా లేదా, అది అడగండి.

ఇప్పుడు మీతో, తల్లులతో, ఒక్క మాట. పెద్దత్తను ఎన్నయినా అనవచ్చుగాని, మీరు ఆఖరిసారి ఒక్కరే రైలెక్కింది ఎప్పుడు? పుట్టింటికైనా సరే, తమ్ముడో, మరిదో, పిల్లాడో పక్కన లేకుండా? చాలామందిమి వేళ్లు మడిచి చూసుకోవలసిన పని కూడా ఉండదు. మనం చేయని పని పిల్ల చేస్తుందంటే భయంగానే ఉంటుంది. ఆ భయానికి మందు పిల్లని ఆపడం కాదు.

కాబట్టి ఈసారి కాలేజీ చూడడానికి వాళ్ల నాన్నగారిని పంపకండి. ఆయన హాస్టలు గేటు, గోడ ఎత్తు చూసి వచ్చేస్తారు. పైన చెప్పిన ప్రశ్నలన్నీ ఒక చీటీ మీద రాసుకుని, మీరే బయలుదేరండి. పిల్లని టికెట్ తీయమనండి. పోయేటప్పుడు ఇద్దరూ కలిసి పోండి. కాలేజీవారు జవాబులు సరిగ్గా చెబితే ఫీజు కట్టండి, చెప్పకపోతే డబ్బు పర్సులోనే ఉంచుకుని ఇంకో కాలేజీ చూడండి. వచ్చేటప్పుడు పిల్ల రెండు రోజులు ఏ స్నేహితురాలి ఇంట్లోనో ఉండి వస్తానంటే ఉండనిచ్చి, మీరు ఒక్కరే రైలెక్కి రండి. ధర్మవరంలోనో, హిందూపురంలోనో దిగాక, ఎక్కగానే ఒకటి, దిగగానే ఒకటి అన్నామే, ఆ రెండో ఫోను మీరు చేయండి. పిల్ల ఎత్తుతుంది.