టెండర్లో ఒక్క తెలుగు షరతు

ఆస్ట్రేలియాలో మేముండే స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో, మా గ్యారేజీలో పాత ఆఫీసు లేజర్ ప్రింటరొకటి ఉంది. డ్రైవర్ల గొడవెందుకని లినక్స్ ల్యాప్‌టాప్ నుంచి టెక్స్ట్ ఫైళ్లను నేరుగా దాని 9100 పోర్టుకు పంపేస్తుంటాను. మొదట్లో ఇంగ్లిష్ ఫైలూ మొరాయించింది. ఒక లైను ఎక్కడ ఆగితే తర్వాతి లైను దాని కిందే మొదలై, మెట్లు దిగినట్టు కుడివైపుకి జారిపోయేది. లైను చివర లినక్స్ ‘కిందికి దిగు’ అని మాత్రమే చెబుతుంది. ‘ఎడమ అంచుకు రా’ అని కూడా చెప్పాలన్నది టెలిటైపుల నాటి పట్టింపు. ప్రింటరు మెనూలో ఒక సెట్టింగు మారిస్తే సరిపోయింది. ఆఖరి పేజీ బయటికి రాక లైటు మిణుకుమంటుంటే ఫైలు చివర ఫామ్‌ఫీడ్ చేర్చాలి. ఇవి పెద్ద జబ్బులు కావు.

ఆదివారం పిల్లల తెలుగు క్లాసు కోసం ‘అమ్మ’ అని పంపినప్పుడు బయటపడింది అసలు జబ్బు. కాగితం మీద పన్నెండు గుర్తులొచ్చాయి. నాలుగు గ్రీకు ఆల్ఫాలు, ఒక్కోదాని పక్కన చుక్కల డబ్బా, ఆ పక్కన ఏదో ఒక వింత గుర్తు. అ, మ, పొల్లు, మ కలిపి నాలుగు కోడ్‌లు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు. ప్రింటరేమో 1981 నాటి ఐబీఎం పీసీ పట్టిక తీసి బైటుకో గుర్తు అచ్చేసింది.

ఇక్కడి ఒరియన్ మాల్‌కు వెళ్లి కొత్తది కొనేస్తే పోలా అంది మా ఆవిడ. కొత్త చౌక ప్రింటర్లలో చాలావాటికి ఉత్త టెక్స్ట్ అసలే ఎక్కదు. పేజీ మొత్తం కంప్యూటరే తయారుచేసి ఇవ్వాలి.

పీడీఎఫ్ చేసుకోవచ్చుగా అంటారు. నేనూ అదే చేస్తున్నాను. కానీ కిరాణా కొట్టు బిల్లు మిషన్‌కు ప్రోగ్రామ్ రాసే కుర్రాడికి ప్రతి తెలుగు పేరునూ బొమ్మగా మార్చి పంపే ఓపికేది? ఇంగ్లిష్‌లో కొట్టి చేతులు దులుపుకుంటాడు. గుంటూరులో కందిపప్పు కొన్నా బిల్లులో ‘టూర్ దాల్’ అని రావడానికి ఇదీ ఒక కారణమే.

వత్తులు కూర్చడం కష్టమైన పనే, కాదనను. కానీ చేతిలో ఉన్న చౌక ఫోను ఆ పని చేస్తూనే ఉందిగా. తెలుగు యూనికోడ్‌లో చేరింది 1991లో. అయినా ప్రింటరు కంపెనీలు పట్టించుకోకపోవడానికి కారణం ఒకటే, గట్టిగా అడిగే పెద్ద కొనుగోలుదారు లేకపోవడం. గ్యారేజీకో ప్రింటరు కొనే నాబోటివాళ్లు అడిగితే వినేదెవరు? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఆఫీసులకు టోకున కొంటాయి, వాళ్లడిగితే వింటారు. టెండర్లో ఒక్క షరతు పెట్టాలి: యూటీఎఫ్-8 తెలుగు ఫైలును డ్రైవరు లేకుండా పంపినా వత్తులతో సహా సరిగ్గా అచ్చు కావాలి. పరీక్షకు ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ చాలు. డెమోకొచ్చిన సేల్స్‌మన్ చేతే ఆ పేజీ తీయించవచ్చు.