తలిదండ్రులతో చెప్పవలసిన వాక్యము

స్వలింగమునందు అనురాగము గల యువకుడో యువతియో ఆ సంగతిని తలిదండ్రులకు ఎరిగించు ఘట్టము ఇటీవలి మన హాస్యచిత్రములలో ప్రధానసన్నివేశమైనది. విమర్శకులు దానిని సంఘసంస్కరణదృష్టితో పరిశీలించుచున్నారు. అది యుక్తమే. కాని ఆ ఘట్టము మొదట ఒక వాక్యనిర్మాణసమస్య యని నా అభిప్రాయము. భాషావేత్తలకు అందు పని కలదు.

ఆ వాక్యమున రెండంశములున్నవి. ప్రేమించుచున్నానన్నది ఒకటి, ఆ వ్యక్తి స్త్రీయో పురుషుడో యన్నది రెండవది. వీనిలో ఏ ఒక్కటి చెప్పినను ఇల్లు కదలదు. 'స్నేహితుడు' అని చెప్పి కుమారుడు ఒక యువకుని తీసికొనివచ్చినచో తల్లి సంతోషముతో అన్నము వడ్డించును. 'ఒకరిని ప్రేమించాను' అని కుమార్తె అన్నచో కులమేమి, ఉద్యోగమేమి యని తండ్రి అడుగును. రెండును ఒకే వాక్యమున కలిసిననాడే కల్లోలము. హాస్యరచయిత చేయునదెల్ల ఆ కలయికను వాయిదా వేయుటయే.

2020లో వెలువడిన హితేశ్ కేవల్యా హిందీచిత్రము 'శుభ్ మంగళ్ జ్యాదా సావధాన్' మొదటి అంశమును దాచినది. ఢిల్లీలో కలిసి నివసించుచున్న అమన్, కార్తిక్‌లను కుటుంబము మొదట మిత్రులుగానే ఎరుగును. 2018 నాటి ప్రశాంత్ వర్మ తెలుగుచిత్రము 'అ!' రెండవదానిని దాచినది. కుమార్తె రాధ ప్రేమించిన వరుని చూడవచ్చిన తలిదండ్రుల యెదుట కృష్ణవేణి యను యువతి నిలుచును.

ఈ వాయిదాకు ఏ భాష ఎంత గడువిచ్చును? వంగభాషలో సర్వనామమునకుగాని క్రియకుగాని లింగభేదము లేదు. ప్రియవ్యక్తిని గూర్చి ఏండ్ల తరబడి మాటలాడినను గుట్టు దాగును. హిందీలో 'వహ్' అను సర్వనామము దాచినదానిని క్రియ బయటపెట్టును; గౌరవార్థమున సైతము 'ఆతే హైఁ', 'ఆతీ హైఁ' వేరువేరు. తెలుగున 'వస్తాడు', 'వస్తుంది' అని ఏకవచనమున తేలిపోవును. 'వస్తారు' అన్నచో తేలదు. తమిళకన్నడములందును ఈ గౌరవబహువచనపు చాటు కలదు. అయితే తన యీడువారిని గూర్చి 'వారు వస్తారు' అను కుమార్తెకు గుట్టుగా పెండ్లియే జరిగినదేమో యని తల్లి శంకింపవచ్చును. పేరు చెప్పక 'వారు' అనుట మన ఇండ్లలో భర్తకు చెల్లిన మర్యాద గదా!

ఇంత నాటకీయత భాషలోనే ఉండగా మన చిత్రములు వాక్యమును తప్పించుకొనుట నాకు అసంతృప్తి కలిగించుచున్నది. కేవల్యా చిత్రమున బిడ్డ నోరు విప్పకమునుపే తండ్రి రైలులో వారి ముద్దును చూచును. 2019లో వచ్చిన శెల్లీ చోప్డా ధర్ చిత్రము 'ఏక్ లడ్‌కీ కో దేఖా తో ఐసా లగా'లో స్వీటీ కథను ఒక నాటకరచయిత రంగస్థలమునకెక్కించును. 'అ!'లో ఆ మాట పలుకబడినది. కాని పాత్రలన్నియు కాళి యను ఒకే స్త్రీ మనస్సులోని రూపములని చివరకు తేలుటతో, వినిన తలిదండ్రులే లేకపోయిరి. తెలుగు ప్రేక్షకుడు సులువుగా బయటపడెను. వీనియన్నిటికంటె హర్షవర్ధన్ కులకర్ణి 'బధాయీ దో' (2022) నాకు మిన్నగా తోచినది. అందు పోలీసు ఉద్యోగి శార్దూల్ కుటుంబము నడుమ తన సంగతి తన నోటనే చెప్పును. అంతవరకు సాగిన నవ్వు అచ్చట ఆగును.

ఇక శబ్దవిషయము. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులను గూర్చి వ్రాయుచు మన పత్రికలు 'స్వలింగసంపర్కులు' అను మాటను వాడినవి. 377వ సెక్షను నేరముగా ఎంచినది శరీరచర్యను గనుక న్యాయవార్తకు అది పొసగెను. తల్లి యెదుట కూర్చున్న బిడ్డ ఆ మాటను ఎట్లు పలుకగలడు? ఏ కుమారుడైనను తన ప్రేమను 'సంపర్క' శబ్దముతో తెలుపునా? ఇంగ్లీషు 'గే' శబ్దము తోడి విద్యార్థులకు చాలును, తల్లికి చాలదు. 'వాణ్ణి ప్రేమిస్తున్నానమ్మా' అను ఇంటిమాటలో ఏ లోపమును నాకు కనబడదు. నిఘంటుకర్తలును, ఉపశీర్షికలు వ్రాయువారును దీనిని ఆలోచింపవలెను.

ఢిల్లీ తెలుగు కుటుంబముల పిల్లలకు మరియొక చిక్కు. ప్రేమను గూర్చిన మాటలు హిందీలోను ఇంగ్లీషులోను నేర్చిరి. తలిదండ్రులతో మాటలాడునది తెలుగు.

చెప్పిన తరువాతను భాష ఊరకుండదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఇట్టి వివాహములకు గుర్తింపునీయలేదు గావున చట్టమున సంబంధవాచకము ఏర్పడలేదు. ఇంటిలో మాత్రము పిలువక తప్పదు. కుమారుని సహచరుని తల్లి 'బాబూ' అని పిలువవచ్చును. చెల్లెలు? 'వదిన' కుదరదు. 'అన్నయ్యా' అన్నచో అతడు ఆమె అన్నకు తోబుట్టువగును. 'బావా' అన్నచో, మేనరికపు సంప్రదాయమున, ఆమెయే అతనికి వరసయగును. ఇట్టి ఇండ్లలో చెల్లెండ్రు ఇపుడు వాడుచున్న పిలుపులను, వారి అనుమతితో, పేర్లు వెల్లడింపక, బంధుత్వపదములపై పనిచేయు మన పరిశోధకవిద్యార్థులు సేకరించినచో బాగుండును.