మౌనం అంగీకారమేనా?

2027 సెప్టెంబర్ 19. కెనడాలోని ఆదివాసీ రెసిడెన్షియల్ స్కూళ్లలో నలిగిపోయి, పరిహారం కోసం దరఖాస్తు చేసుకున్న 38 వేలకు పైగా మనుషుల వాంగ్మూలాలకు గడువు తీరే తేదీ ఇది. దాచమని తానుగా చెప్పని ప్రతి ఒక్కరి ఫైలునూ ధ్వంసం చేయాలని 2017 అక్టోబర్ 6న కెనడా సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇక్కడి తెలుగు సభల్లో దీని గురించి ఒక్క మాట వినబడితే ఒట్టు.

ఆ ఫైళ్లలో ఏముంది? ఏ బడి, ఏ వయసు, ఏం చేశారు. తలుపులు మూసిన గదిలో విచారణాధికారి ముందు చెప్పుకున్న కథ. ఏ దారుణానికి ఎన్ని పాయింట్లో పట్టిక ఉండేది, పాయింట్లను బట్టే పరిహారం.

గోప్యత హామీ ఇచ్చి మాట తప్పకూడదన్న వాదన సబబే. ఫైళ్లు సర్కారు చేతిలో పడకూడదన్న భయమూ ఊరికే పుట్టలేదు. ఆ బడుల్లో పిల్లలు క్షయతో రాలిపోతున్నారని ప్రభుత్వ వైద్యుడు పీటర్ బ్రైస్ 1907లోనే రాసిచ్చాడు. సర్కారు పెడచెవిన పెట్టింది. ఉద్యోగం పోయాక 1922లో ఆయనే దాన్ని పుస్తకంగా అచ్చేయించుకోవాల్సి వచ్చింది.

అయితే ఏళ్ల తరబడి సీలు వేసి ఉంచితే గోప్యతకొచ్చే నష్టమేమిటి? పరిహారం దరఖాస్తుల గడువు 2012లోనే ముగిసింది. ఇలాంటి రికార్డులు దాచే జాతీయ సత్య, సయోధ్య కేంద్రం విన్నిపెగ్‌లో తలుపులు తెరిచింది 2015లో. నమ్మి అప్పగించే చోటు లేనినాడు ఫారాలు నింపిన వాళ్లు ఇప్పుడు పలకకపోతే ధ్వంసానికి ఒప్పుకున్నట్టేనట! మౌనం అర్ధాంగీకారమని మనవాళ్లన్నారు. ఈ తీర్పు దాన్ని పూర్తి అంగీకారం చేసింది, అదీ చనిపోయిన వాళ్ల మౌనాన్ని కూడా. దాచమని చెప్పే అవకాశమే దక్కకుండా పోయినవాళ్లున్నారని తీర్పే ఒప్పుకుంది. ఒప్పుకుని, బయటపడడం కన్నా చెరిగిపోవడమే చిన్న అన్యాయమంది. చిన్నదని కొలిచింది ఎవరు?

మనకిది పరాయి గొడవ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1974లో పుట్టిన పౌరహక్కుల సంఘం మొదలు ఎన్‌కౌంటర్లపై వచ్చిన నిజనిర్ధారణ నివేదికలు చవక కాగితం మీద అచ్చయిన చిన్న పుస్తకాలు. పోలీసు రికార్డు భద్రంగానే ఉంటుంది. ఎదురు సాక్ష్యం మాత్రం కార్యకర్తల ఇళ్లలో అటకల మీద చెదలు పడుతోంది. టొరంటోకో వాంకూవర్‌కో వస్తూ వాటిని పాత సామానుతో అమ్మేసిన వాళ్లూ మనలో ఉన్నారు.

మీ దగ్గర అలాంటి కరపత్రం, మినిట్స్ పుస్తకం, ఉత్తరం ఏదున్నా పారేయకండి. స్కాన్ చేయించి, అసలును ఒక గ్రంథాలయానికి ఇవ్వండి. ఎవరు, ఎప్పుడు చూడవచ్చో మీరే రాసివ్వండి, మీరుండగానే.