సాంచెకు యజమాని యెవరు?

సిరిసిల్ల పట్టణమున బి.వై. నగరు వీధులలో నడచువారికి పక్కవాని మాట వినబడదు. ఇండ్ల నానుకొనియున్న షెడ్లలో సాంచెల చప్పుడు రేయింబవళ్లు మ్రోగుచుండును. ఆ చప్పు డాగిన దినము ఊరికి మంచిదినము కాదు. 2024 జనవరిలో అట్టి దినములు వచ్చినవి. బతుకమ్మ చీరల పని లేకపోయెను. ప్రభుత్వమునుండి రావలసిన బాకీలు చేతికందలేదని యజమానులు ఉత్పత్తి నాపిరి. వేలకొలది కార్మికులు పనిలేక కూర్చుండిరి. ఇరువదియేండ్ల క్రిందటివలెనే నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలు మరల పత్రికల కెక్కినవి.

తప్పు వెనుకటి ప్రభుత్వముదా, ఇప్పటి ప్రభుత్వముదా యను వాదము అప్పటినుండి సాగుచునే యున్నది. ఆ వాదమునకు మేము దిగము. మేమడుగునది వేఱొకటి. పని నిలిచిన దినమున ఆ కార్మికునికి జవాబు చెప్పవలసిన వా డెవడు?

వకీలు వృత్తిలో నున్న మా యొద్దకు ఒక నేతకార్మికుని భార్య వచ్చినది. భర్త పోయినాడు, ఆయన పని చేసినచోట రావలసిన దేమైన నున్నదేమో చూడుమని యడిగినది. కాగితమేదైన గలదా యంటిమి. కిరాణా దుకాణపు ఖాతాపుస్తకమును, ఫైనాన్సు వాయిదాల చీటీని సంచిలోనుండి తీసి చూపినది. పదునెనిమిదేండ్లు సాంచెలు నడపిన మనిషి అప్పుపడినాడనుటకు రెండు సాక్ష్యములున్నవి. పని చేసినాడనుటకు ఒక్కటియు లేదు. ఆమెకు మేము చెప్పగలిగిన జవాబు మాకే రుచింపలేదు.

ఇట్లేల జరుగుచున్నదో పాఠకులు గ్రహింపవలెను. నూలు కొని బీములు నింపించి, గుడ్డ నమ్ముకొనువాడు యజమాని. అతని బీములు తెచ్చుకొని తన సాంచెలపై నేయించువాడు ఆసామి. ఆసామి షెడ్డులో పండ్రెండు గంటలు నిలువుకాళ్లపై ఆరేడు, ఒక్కొక్కచో నెనిమిది సాంచెలు చూచుకొనువాడు కార్మికుడు. వీరికి తోడు వార్పిను పనివారు, వైపనివారు, కండెలు చుట్టు ఆడువారు. కూలి గుడ్డ లెక్కను వచ్చును. నూలు తెగినచో, కరెంటు పోయినచో ఆ నష్టము కూలివానిదే. ఆసామిని దొంగగా జూపుటయు మా యుద్దేశము కాదు. కరెంటు బిల్లు, సాంచెల మీది అప్పు అతని మెడకే చుట్టుకొనియున్నవి. పని లేని నెలలో అతడును కూలికి పోవువాడే.

మన కార్మిక శాసనములు ఒక కప్పు క్రింద నున్న తలలను లెక్కించును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునకు, యంత్రశక్తి వాడుచోట పదిమంది కావలెను, భవిష్యనిధికి ఇరువదిమంది. ఆసామి షెడ్డులో నలుగురైదుగురు కంటె నుండరు. వేలాది మంది పనిచేయు ఊరు శాసనము కంటికి నలుగురైదుగురి ముక్కలుగా కనబడుచున్నది. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన నూతన సంహిత ఆ పదిని ఇరువదిగా పెంచినది. సిరిసిల్లకు ఆ గడప మఱింత యెత్తైనది.

దారి లేదనువారు కోరుట్లకు రావలెను. అచ్చట, జగిత్యాలలోను, మగవారు గల్ఫు దేశములకు పోయిన యిండ్ల గడపలలో ఆడువారు చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచుందురు. తునికాకు తడిగుడ్డలో నానవేసి, కత్తిరించి, పొగాకు నింపి దారము చుట్టుట వారి పని. ఫ్యాక్టరీ లేదు, షెడ్డు లేదు, ఇల్లే కార్ఖానా. అయినను 1966 నాటి బీడీ కార్మికుల చట్టము, ఆకు తంబాకు ఇచ్చినవాడే యజమాని, ఇంట కూర్చుండి చుట్టినదియు కార్మికురాలే యని చెప్పెను. బీడీ యజమానులు సుప్రీంకోర్టుకు పోగా 1974లో ఆ చట్టము నిలిచెను. పిదప భవిష్యనిధి కార్డును చేతికి వచ్చెను. తెలంగాణ రాష్ట్రము వచ్చినపిమ్మట ఆ కార్డును బట్టియే బీడీ పింఛను వచ్చెను. 2019 నుండి అది 2,016 రూపాయలు. వారి బ్రతుకు సుఖమని మే మనుట లేదు. నెలలో సగము దినములకు పని దొరకదు, పొగాకు ధూళికి దగ్గు తప్పదు, 2017లో జి.యస్.టి. వచ్చినప్పుడు వారి సంక్షేమ సుంకమే రద్దయ్యెను. కాని వారు కార్మికులని చెప్పు కాగితమొకటి వారి పెట్టెలో నున్నది.

ఆకు ఇచ్చినవాడు యజమాని యగునప్పుడు నూలు ఇచ్చినవాడు ఏల కాడు?

పైగా నేడు సిరిసిల్లలో పెద్ద గిరాకీదారు ప్రభుత్వమే. 2017లో బతుకమ్మ చీరలు మొదలైనప్పుడు సూరతు సరుకు వచ్చినదని ఆడువారు చీరలు తగులబెట్టిరి. పిదప యేటేట కోటి చీరల వఱకు సిరిసిల్ల సాంచెలే నేసినవి. ఆ పథకము పోయి, 2025లో ఇందిరా మహిళాశక్తి చీరల పని వచ్చినది. నవంబరులో పంపకము మొదలైనది. పని నిచ్చినందులకు సంతోషమే. కాని చీర పేరు మాఱునప్పుడెల్ల ఊరు పస్తుండుట యేమి న్యాయము? పని నిచ్చునప్పుడే, ఆ గుడ్డ నేసిన కార్మికుని పేరు, కూలి, పనిదినములు వ్రాసి దాఖలు చేయనిదే బిల్లు చెల్లింపమని ప్రభుత్వము షరతు పెట్టవచ్చును. ఇందుకు క్రొత్త శాసనము వలదు, ఒక ఉత్తర్వు చాలును. పేర్లు వ్రాయుట కష్టమందురా? నేతన్నల పొదుపు పథకమునకై మరమగ్గాల కార్మికుల పేర్లను 2017లో ప్రభుత్వమే వ్రాసికొన్నది.

ఈ పత్రికను పఠనమందిరములలో చదువు యజమానులును, ఆసాములును కొందఱుందురు. వారికొక మనవి. ఉత్తర్వు వచ్చువఱకు ఆగనక్కఱలేదు. వచ్చు వారము కూలి యిచ్చునప్పుడు, పేరు, తేది, మొత్తము వ్రాసి, సంతకము చేసిన చిన్న చీటీ నొకదానిని కార్మికుని చేతిలో బెట్టుడు.