రాజధర్మము – రాగికాసు

రాజు ధర్మాత్ముడై యుండవలెనని బోధించు గ్రంథములకు ఏ దేశమునను కొఱతలేదు. అవి రాజు చేతిని పట్టి యాపగలిగినవా యనునదే ప్రశ్నము. స్పెయిను దేశమున జెసూటు పండితుడగు హువాన్ దె మరియానా 1599లో తన రాజనీతిగ్రంథమును మూడవ ఫిలిప్పున కంకితముచేసి, రాజును శాసనములకు లోబడినవాడే యనియు, ప్రజాసమ్మతి లేక పన్ను విధింపరాదనియు బోధించెను. ఆస్థానము సహించెను. 1603లో ప్రభుత్వము రాగికాసులపై ముద్ర మార్చి విలువను రెట్టింపు చేసెను. ధరలు పెరిగి పేదవాని కాసు చులకనయయ్యెను. ఇట్టి పని ప్రజల సొత్తును దొంగిలించుటయే యని 1609లో వెలువడిన గ్రంథమున మరియానా ఖండింపగా, ఆయనను మాడ్రిడులోని మఠమున నిర్బంధించిరి. నీతి చెప్పినప్పుడు విని, లెక్క చెప్పినప్పుడు చెఱబట్టు ప్రభువును ధర్మప్రభువని పొగడుట యెట్లు? చదువరులారా! రాజధర్మమును అంకితపత్రమున వెదకకుడు. పేదవాని చేతికాసున వెదకుడు.